పొగపుల్ల

క్లిఫర్డ్ బ్లాంచర్డ్ తలుపు తీస్తూనే మొదలుపెట్టాడు:
"మూడు వేల నాలుగు వందల పౌండ్లట!
ఆ లెక్కన నలభై ఏళ్ళు నేను కోసిన హాడక్ చేపలన్నిటినీ
మళ్ళీ కుట్టి సముద్రంలోకి పంపాలి."

గ్రిమ్స్‌బీలో ఫిబ్రవరి. మెట్ల మీద ఉప్పుగాలి.
లోపల ఆయన, కోటు మీద కోటు.
పక్కింటివాళ్ళ అరువు హీటరు పాదాల వరకే.
మోకాళ్ళు మంగళవారం నుంచీ చలిలోనే ఉన్నాయి.

వంటింటి గోడకి బాయిలరు, దాని నుదుటిన ఎర్ర స్టిక్కరు.
అపాయం. వాడరాదు.
కింద కోడిగీతల్లో: లోపలి ఇనుము పగిలింది, మొత్తం మార్చాలి.

"నువ్వు చూసి చెప్పు," అన్నాడు.
ఆ మాటకి అర్థం నాకు తెలుసు.
రెండో అభిప్రాయం కోసం ఎవరూ నన్ను పిలవరు,
మొదటిది తప్పని చెప్పడానికి పిలుస్తారు.
నాకూ అదే చెప్పాలనుంది, దాచడం దేనికి.
గోటితో పోయేదానికి గొడ్డలి అమ్మే కంపెనీలున్నాయి,
అలాంటి ఒకదాంట్లో రెండేళ్ళు నేనూ గొడ్డలి మోశాను.

కిటికీలు తెరిచి, మూత విప్పి,
టార్చి వెలుగులో, పళ్ళ డాక్టరు అద్దమంత అద్దంతో
ఒక్కో ఇనప రెక్క సందూ వెతికాను.
మసి ఉంది. పగులు లేదు.
లేదన్నాను.
డెబ్బై ఆరేళ్ళ మనిషి టీ పెట్టడానికి పరిగెత్తాడు.

అక్కడితో ఆపి ఉంటే ఆ రోజుకి నేను దేవతని.

బాయిలరు వెలిగించి, పది నిమిషాలు ఆగి
పొగపుల్ల గీశాను.
అగ్గిపుల్లకి అక్కలా ఉంటుంది, మంట తక్కువ, తెల్లటి పొగ ఎక్కువ.
గొట్టం అంచున పట్టుకుంటే
ఎవరో పిలిచినట్టు ఆ పొగ పైకి పోవాలి.
పోలేదు.
అంచుదాకా వెళ్ళి, గుమ్మంలోనే వద్దనిపించుకున్న చుట్టంలా
వెనక్కి తిరిగి నా ముఖం మీదికొచ్చింది.

నిప్పు లేనిదే పొగ రాదంటాం.
పొగైనా లేకుండా వచ్చేదాని మీద ఎవరూ సామెత కట్టలేదు.
దానికి రంగు లేదు, వాసన లేదు.
చేతిలో మీటరు మాత్రం ముప్పై ఎనిమిది అంది,
చూస్తుండగానే నలభై ఆరు అంది.
గ్యాసు కట్టేశాను.

"తలనొప్పులేమైనా వస్తున్నాయా?"
"అవి కళ్ళజోడు వల్ల. అక్టోబరులో కొత్తది.
రెండుసార్లు వెనక్కిచ్చి మార్పించాను."
"బయటికి వెళ్తేనో?"
"బయట జోడు పెట్టుకోనుగా..."
టీకప్పు గాల్లో ఆగింది.
తర్వాత నాతో కాదు,
గడప అవతల కూర్చున్న బూడిదరంగు పిల్లితో అన్నాడు:
"పిల్చర్డ్, నువ్వు వంటింట్లోకి రావడం ఎప్పుడు మానేశావే?"

ఎర్ర స్టిక్కరు నేను పీకలేదు.
దాని కిందే నా పేరు, తేదీ రాశాను.
"నువ్వూ వాళ్ళ మనిషివేనా," అన్నాడు, మెల్లగా.
అపాయం నిజమే, అన్నాను.
అతను చెప్పిన చోట లేదు, పైన చిమ్నీలో ఎక్కడో ఉంది.

సాయంత్రం వ్యాన్‌లో కూర్చుని మొదటి అతనికి ఫోన్ చేశాను.
తిట్టడానికే చేశాను.
ఆ రోజు పదకొండు ఇళ్ళు, అన్నాడు.
మసి చూసి పగులనుకున్నాను, పుల్ల గీసే టైము లేదు.
కాసేపాగి, పెద్దాయన బాగున్నాడా, అన్నాడు.
కట్టేసి వెళ్ళావు కదా, బాగున్నాడు, అన్నాను.
తిట్టు నాలిక మీదే ఉండిపోయింది.

శుక్రవారం ఆస్గర్బీ వచ్చి చిమ్నీ దులిపాడు.
జాక్‌డా కాకుల గూడు, రెండు బస్తాలు:
పుల్లలు, గొర్రె ఉన్ని, ఐస్‌క్రీము చెంచా,
రేవులో తెగిన వల తాలూకు నీలం నైలాను.
బ్లాంచర్డ్ ఆ దారాన్ని వేళ్ళకి చుట్టుకున్నాడు.
"ఈ ముడి నాకు తెలుసు," అన్నాడు.
తొంభై పౌండ్లు. అలారానికి ఇంకో ఇరవై రెండు.

మళ్ళీ పుల్ల గీశాను. పొగ వెనక్కి చూడకుండా పోయింది.
తనూ ఒకటి గీస్తానన్నాడు. ఇచ్చాను.
ఇంకొకటి అన్నాడు. పెట్టె సగమయింది.

పిల్చర్డ్ ముందు కాళ్ళు లోపల, వెనక కాళ్ళు బయట పెట్టి
గడప మీద నిలబడి చూస్తోంది.
తొందరేం లేదన్నాను దానితో.
పనిముట్లు ఒక్కొక్కటే సంచిలో సర్దుకుంటూ
నేనూ కాసేపు ఆగాను.